ఎస్సీ వర్గీకరణ: ఈదుముడి నుంచి ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాకా

షెడ్యూల్డ్ కులాలకు విద్యాసంస్థల్లో, ప్రభుత్వోద్యోగాల్లో ఉన్న రిజర్వేషన్‌ను ఆ కులాల నడుమే, ఎవరి వెనుకబాటు ఎంతో చూసి, వాటాలు వేసి పంచడమే ఎస్సీ వర్గీకరణ. దీనివల్ల మొత్తం శాతం పెరగదు, తరగదు. పదిహేను శాతం పదిహేనుగానే ఉంటుంది, అందులో ఎవరికెంత అన్నదే ప్రశ్న. తెలుగునాట దీనికి ‘ఏబీసీడీ’ అన్న పేరే వాడుకలో స్థిరపడింది. 1994లో ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెలో ఉద్యమంగా మొదలైన ఈ కోరికను 2004లో సుప్రీంకోర్టు చెల్లదని కొట్టేసింది. ఇరవై ఏళ్ల తరువాత, 2024 ఆగస్టు 1న, అదే కోర్టుకు చెందిన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో ఆ పాత తీర్పును రద్దు చేసి, వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. 1992 నాటి మండల్ తీర్పు తరువాత రిజర్వేషన్ల చట్టంలో ఇంత లోతైన మార్పు తెచ్చిన తీర్పు మరొకటి లేదని చెప్పవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ 2025లో వర్గీకరణకు చట్టరూపం ఇచ్చాయి. మాల, మాదిగల తగాదాగానే ఈ విషయాన్ని చూడటం మనకు అలవాటైంది. అయితే తీర్పులోని తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్తే అది చేరేది ఈ రెండు పెద్ద కులాల దగ్గరికి కాదు, వాటి నీడలో బతికిన చిన్న కులాల దగ్గరికి.

రాజ్యాంగంలో పునాది

షెడ్యూల్డ్ కులం అంటే ఏదో చెప్పేది 341వ అధికరణం. ఏయే కులాలు, జాతులు, తెగలు, లేదా వాటిలోని ఏయే భాగాలు ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులాలుగా పరిగణన పొందాలో రాష్ట్రపతి ఆ రాష్ట్ర గవర్నరును సంప్రదించి ప్రకటిస్తారు. అలా వచ్చిందే 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. ఒకసారి ప్రకటించాక ఆ జాబితాలో కొత్త కులాన్ని చేర్చాలన్నా, ఉన్నదాన్ని తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయవలసిందే. రాష్ట్ర ప్రభుత్వానికి అక్కడ వేలు పెట్టే హక్కు లేదు.

మరోపక్క 15(4), 16(4) అధికరణాలు విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇచ్చే అధికారాన్ని రాష్ట్రాలకూ ఇచ్చాయి. అంటే జాబితా కేంద్రం చేతిలో, పంపకం రాష్ట్రం చేతిలో ఉన్నాయి. పంపకం అనే పనిలో కులాలను గ్రూపులుగా విడదీస్తే అది జాబితాను ముట్టుకున్నట్టా, కాదా? దాదాపు ముప్పై ఏళ్ల కోర్టు వ్యాజ్యమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

దీనికి ముందే రెండు తీర్పులు దారి వేసి ఉంచాయి. 1975లో ఎన్.ఎం. థామస్ కేసులో సుప్రీంకోర్టు, రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదనీ, సమానత్వంలోనే ఒక భాగమనీ చెప్పింది. 1992 నవంబరు 16న ఇందిరా సాహ్ని కేసులో, అంటే మండల్ కేసులో, తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం బీసీల్లో వర్గీకరణకు అనుమతిచ్చింది. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారు. ఆయన చూపిన ఉదాహరణ కూడా మన ఊళ్లలోదే. కంసాలులు, రాళ్లు కొట్టే వడ్డెరలు ఇద్దరూ బీసీలే. ఇద్దరినీ ఒకే గుంపులో పెడితే ఉన్న ఉద్యోగాలన్నీ కంసాలులకే పోయి, వడ్డెరలకు ఏమీ మిగలదు. అందుకని విడదీయడమే సమానత్వం అన్నారాయన. ఆంధ్రప్రదేశ్‌లో బీసీలకు 1970 నుంచే ఏ, బీ, సీ, డీ గ్రూపులు ఉన్నాయి. బీసీలకు కుదిరిన పద్ధతి ఎస్సీలకు ఎందుకు కుదరదని మాదిగ యువకులు అడిగిన ప్రశ్న ఇక్కడి నుంచి పుట్టిందే.

యాభై తొమ్మిది కులాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జాబితాలో వర్గీకరణ నాటికి 59 కులాలున్నాయి. జనాభాలో మాదిగ, మాల కులాలు రెండూ కలిపితేనే ఎస్సీల్లో తొంభై శాతం దాటతాయి. తోలుపని, చెప్పులు కుట్టడం, డప్పు మాదిగల కులవృత్తులు. మాలలు వ్యవసాయ కూలీలుగా, నేతగాళ్లుగా, ఊరి కావలి, వెట్టి పనుల్లో ఉండేవారు. ఉత్తరాంధ్రలో రెల్లివారు పారిశుద్ధ్యం పనిలోనూ, పండ్లు కాయగూరలు అమ్మడంలోనూ ఉన్నారు.

ఈ పెద్ద కులాల చుట్టూ ఆశ్రిత కులాలు ఉన్నాయి. చిందు, మాష్టి, డక్కలివారు మాదిగలను ఆశ్రయించి బతికితే, మాలదాసరి, మాలజంగం వంటివారు మాలలను ఆశ్రయించారు. డక్కలివారి సంగతి కాస్త ఆగి చూడదగ్గది. కిన్నెర వాయిస్తూ, జాంబపురాణం చెబుతూ, మాదిగల వంశాల కథలు పాడి, వారిచ్చింది తీసుకుని మరో ఊరికి సాగిపోవడం వారి జీవనం. మాదిగలు వారిని ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. ఊరికి వెలుపల వాడ ఉంటే, ఆ వాడకూ వెలుపల వారి గుడారం ఉండేది. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య ఈ కులంవారే. ‘షెడ్యూల్డ్ కులాలన్నీ ఒక్కటే’ అన్న వాదనకు వీరి బతుకే తిరుగులేని జవాబు. అంటరానితనం మెట్లు మెట్లుగా దిగుతుందనీ, అది వాడ దగ్గరే ఆగిపోదనీ మన పల్లెలు ఎరుగును. న్యాయస్థానం ఒప్పుకోవడానికి ఎంతో కాలం పట్టింది.

ఈదుముడి, రామచంద్రరాజు కమిషన్

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడి గ్రామంలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో అది కొద్దికాలంలోనే రాష్ట్రమంతటా దండోరాగా మోగింది. దాచుకునే కులం పేరును ఇంటి పేరులా బాహాటంగా తగిలించుకోవడం ఈ ఉద్యమం తెచ్చిన మార్పు. పేరు చివర ‘మాదిగ’ అని రాసుకోవడం ఒక తరానికి ఆత్మగౌరవ ప్రకటన అయింది. రిజర్వేషన్ ఉద్యోగాల్లో, వైద్య, ఇంజనీరింగ్ సీట్లలో తమ జనాభాకు తగ్గ వంతు తమకు రావడం లేదన్నది వారి ఫిర్యాదు. దానికి ఎదురుగా మాల మహానాడు నిలిచింది. దళితుల ఐక్యతను చీల్చడానికే ఈ వర్గీకరణ అనీ, పోటీలో గెలిచినవారిని శిక్షించడం తగదనీ వారి వాదన. వర్గీకరణను సమర్థించేవారు సైతం ఈ రెండో వాదనను తేలిగ్గా తీసేయకూడదు. మాలలు సాధించినది ఎవరి దగ్గరా గుంజుకున్నది కాదు, చదువు మీద పెట్టిన కష్టానికి వచ్చింది. పైగా మాలల్లోనూ కూలీకి పోయే కుటుంబాలే అధికం.

ప్రభుత్వం 1996లో జస్టిస్ పి. రామచంద్రరాజు కమిషన్‌ను వేసింది. మరుసటి ఏడాది వచ్చిన నివేదిక 59 కులాలను నాలుగు గ్రూపులు చేసింది. ఏ గ్రూపులో రెల్లి, దాని అనుబంధ కులాలు 12, వాటికి 1 శాతం. బీ గ్రూపులో మాదిగ, దాని అనుబంధ కులాలు 18, వాటికి 7 శాతం. సీ గ్రూపులో మాల, దాని అనుబంధ కులాలు 25, వాటికి 6 శాతం. డీ గ్రూపులో ఆది ఆంధ్ర సహా 4 కులాలు, వాటికి 1 శాతం. 1997 జూన్ 6న ఈ మేరకు జీవోలు వచ్చాయి. సెప్టెంబరులో హైకోర్టు వాటిని కొట్టేసింది. 338వ అధికరణం ప్రకారం జాతీయ ఎస్సీ, ఎస్టీ కమిషన్‌ను సంప్రదించలేదన్నది కారణం. 1999లో ఆర్డినెన్స్, 2000లో శాసనసభ చట్టం వచ్చాయి. ఈసారి హైకోర్టు 4–1 మెజారిటీతో చట్టాన్ని నిలబెట్టింది. 2004 దాకా, నాలుగేళ్లు, రాష్ట్రంలో వర్గీకరణ అమలైంది.

చిన్నయ్య కేసు

2004 నవంబరు 5న ఇ.వి. చిన్నయ్య వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని రద్దు చేసింది. జస్టిస్ ఎన్. సంతోష్ హెగ్డే ప్రధాన తీర్పు రాయగా, జస్టిస్ హెచ్.కె. సెమా, జస్టిస్ ఎస్.బి. సిన్హా దానితో ఏకీభవిస్తూ విడిగా తీర్పులు రాశారు. ఐదుగురిలో ఒక్కరూ చట్టం వైపు నిలవలేదు.

ఆ తీర్పు చెప్పింది ఇది. రాష్ట్రపతి ఉత్తర్వులోకి చేరాక ఆ కులాలన్నీ కలిసి ఒకే తరగతి అవుతాయి. ఆ తరగతిని రాష్ట్రం విడదీస్తే పార్లమెంటుకు మాత్రమే ఉన్న అధికారంలోకి చొరబడినట్టే. ఇందిరా సాహ్ని తీర్పులోని వర్గీకరణ సూత్రం బీసీలకే గాని ఎస్సీలకు పనికిరాదు. పైగా ఒకే తరగతిలో తేడా చూపడం 14వ అధికరణానికి విరుద్ధం.

ఈ తర్కంలో ఒక పెద్ద లోపం ఉంది. జాబితాలోకి వచ్చిన కులాలన్నీ అంటరానితనానికి గురైనవే, అది వాటికి ఉమ్మడి. అంతమాత్రాన వాటి చదువు, భూమి, వృత్తి, తమలో తాము పాటించే హెచ్చుతగ్గులు కూడా ఒక్కటే అయిపోవు. కోర్టు కాగితం మీది జాబితాను చూసింది, ఆ జాబితాలోని మనుషుల వంక చూడలేదు. తీర్పు తరువాత శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. కేంద్రం 2007లో జస్టిస్ ఉషా మెహ్రా కమిషన్‌ను వేసింది. రాజ్యాంగ సవరణ చేయవచ్చని ఆ కమిషన్ 2008లో సూచించింది. సవరణ మాత్రం రాలేదు.

పంజాబ్ నుంచి వచ్చిన దారి

తెలుగు రాష్ట్రం ఓడిన కేసును తిరిగి తెరిచింది పంజాబ్. అక్కడ 1975 మే 5 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కోటాలో సగం ఖాళీలకు వాల్మీకి, మజహబీ సిక్కులకు తొలి ప్రాధాన్యం ఉండేది. ఆ కులాల అభ్యర్థులు దొరక్కపోతేనే మిగతా ఎస్సీలకు అవి వెళ్లేవి. చిన్నయ్య తీర్పును ఆధారం చేసుకుని 2006లో పంజాబ్, హర్యానా హైకోర్టు దాన్ని కొట్టేసింది. రాష్ట్రం అదే ఏడాది చట్టం చేసింది. 2010లో హైకోర్టు ఆ చట్టంలోని ఈ నిబంధననూ కొట్టేసింది. తమిళనాడు 2009లో తన 18 శాతం ఎస్సీ కోటాలో అరుంధతీయులకు 3 శాతం కేటాయిస్తూ విడిగా చట్టం చేసుకుంది. హర్యానా అంతకు ముందు 1994లోనే ఎస్సీలను రెండు బ్లాకులు చేసింది.

సుప్రీంకోర్టులో ఒక ధర్మాసనం ఇచ్చిన తీర్పును అంతే సంఖ్య ఉన్న మరో ధర్మాసనం రద్దు చేయలేదు. అంతకంటే పెద్ద ధర్మాసనమే చేయాలి. పంజాబ్ అప్పీలు 2014లో ఐదుగురి ధర్మాసనానికి వెళ్లింది. 2020 ఆగస్టు 27న జస్టిస్ అరుణ్ మిశ్రా నాయకత్వంలోని ఆ ధర్మాసనం చిన్నయ్య తీర్పుతో ఏకీభవించలేమని చెప్పి, ఏడుగురికి నివేదించింది. మరో మూడున్నరేళ్ల తరువాత, 2024 ఫిబ్రవరి 6 నుంచి 8 దాకా, మూడు రోజులపాటు వాదనలు సాగాయి. రిజర్వేషన్‌కు అర్హులై, వయోపరిమితి దాటిపోతూ ఎదురుచూసిన వారికి ఈ ఇరవై ఏళ్ల ఆలస్యం తీరని నష్టం. ఏ తీర్పూ దాన్ని వెనక్కి తేలేదు.

2024 తీర్పు

పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ దవీందర్ సింగ్ కేసును విన్న ధర్మాసనంలో ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్‌లు బి.ఆర్. గవాయ్, విక్రమ్ నాథ్, బేలా ఎం. త్రివేది, పంకజ్ మిత్తల్, మనోజ్ మిశ్రా, సతీశ్ చంద్ర శర్మ ఉన్నారు. మొత్తం ఆరు తీర్పులు వెలువడ్డాయి. చంద్రచూడ్ తనకూ జస్టిస్ మనోజ్ మిశ్రాకూ కలిపి రాశారు. భిన్నాభిప్రాయం జస్టిస్ బేలా త్రివేదిది.

చంద్రచూడ్ తీర్పు చిన్నయ్య తర్కాన్ని మూలం దగ్గరే పట్టుకుంది. రాష్ట్రపతి ఉత్తర్వు చేసే పని గుర్తింపు మాత్రమే. ఫలానా కులం షెడ్యూల్డ్ కులమని చట్టం ఒక భావన చేస్తుంది. ఆ భావన ఎంత పని కోసం చేశారో అంతవరకే పనిచేస్తుంది. లోపలి కులాలన్నీ సమానంగా వెనుకబడ్డాయని అది చెప్పదు, చెప్పలేదు. కోటాలో వాటాలు వేసినంత మాత్రాన ఏ కులమూ జాబితాలోంచి బయటికి పోదు, కొత్తది లోపలికి రాదు. కాబట్టి 341వ అధికరణానికి భంగం లేదు. ఇందిరా సాహ్ని తీర్పు వర్గీకరణను బీసీలకే పరిమితం చేసిందన్న మాటా సరికాదు.

అధికారంతోపాటు హద్దులు కూడా పెట్టింది కోర్టు. ఒక గ్రూపుకే నూటికి నూరు శాతం కట్టబెట్టి మిగతావారిని బయటికి నెట్టకూడదు. వర్గీకరణకు లెక్కలు కావాలి. ఆయా కులాలకు ప్రభుత్వ సర్వీసుల్లో తగిన ప్రాతినిధ్యం లేదని ఆధారాలతో చూపాలి. రాజకీయ అవసరం కోసం ఇష్టం వచ్చినట్టు గీతలు గీస్తే న్యాయసమీక్షలో నిలవవు. ఈ హద్దులు సరైనవే. ఓట్ల లెక్క చూసి గ్రూపులు కట్టే ప్రలోభం ప్రతి ప్రభుత్వానికీ ఉంటుంది. దాన్ని ఆపగలిగేది లెక్కల షరతే.

ధర్మాసనంలోని ఏకైక దళిత న్యాయమూర్తి అయిన జస్టిస్ గవాయ్ విడిగా రాసిన తీర్పులో మాట ఇంకా సూటిగా ఉంది. రైలు జనరల్ బోగీలోకి తోసుకుంటూ ఎక్కినవాడు, లోపలికి వచ్చాక తలుపు దగ్గర నిలబడి వెనకవాణ్ణి రానివ్వని తీరును ఆయన ఉదాహరణగా చూపారు. వర్గీకరణను వ్యతిరేకించే ఎస్సీలు చేస్తున్నది అదేనన్నది ఆయన అభిప్రాయం. పైకులాలవారు అన్నివేళలా టికెట్లతో హాయిగా కూర్చున్నారన్న సంగతి ఆ పోలికలో కనబడదు. దళితుల నడుమ తగాదాకు మూలం ఆ బోగీ ఇరుకే.

జస్టిస్ త్రివేది భిన్నాభిప్రాయాన్ని చదవకుండా ఈ కేసు పూర్తిగా అర్థం కాదు. ఎవరినీ తీసేయకపోయినా, కొందరికి దక్కే సీట్లకు మిగతావారిని పోటీపడనివ్వకపోవడం జాబితాను సవరించినట్టేనని ఆమె వాదన. రాష్ట్రస్థాయి రాజకీయ ఒత్తిళ్లకు దొరక్కుండా ఉండేందుకే రాజ్యాంగ నిర్మాతలు ఆ అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చారనీ, 2020లో కారణాలు సరిగా చెప్పకుండానే కేసును పెద్ద ధర్మాసనానికి పంపారనీ ఆమె ఎత్తిచూపారు. రాష్ట్రాల రాజకీయం గురించి ఆమె భయం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే పార్లమెంటు ఇరవై ఏళ్లు చేతులు కట్టుకుని కూర్చున్న సంగతి ఆ వాదనను బలహీనం చేస్తుంది.

తీర్పును వ్యతిరేకిస్తూ 2024 ఆగస్టు 21న కొన్ని దళిత, ఆదివాసీ సంఘాలు భారత్ బంద్‌కు పిలుపునిచ్చాయి. రివ్యూ పిటిషన్లను అదే ధర్మాసనం కొట్టేసింది.

సంపన్న శ్రేణి చర్చ

కేసులో అడిగిన ప్రశ్న వర్గీకరణ గురించి. జవాబుల్లో మాత్రం సంపన్న శ్రేణి, అంటే క్రీమీలేయర్, కూడా వచ్చి చేరింది. జస్టిస్‌లు గవాయ్, విక్రమ్ నాథ్, మిత్తల్, శర్మ నలుగురూ ఎస్సీ, ఎస్టీల్లోనూ సంపన్న శ్రేణిని గుర్తించి రిజర్వేషన్ నుంచి తప్పించాలన్న అభిప్రాయం వెలిబుచ్చారు. రిజర్వేషన్ ఒక తరానికే పరిమితం కావాలని జస్టిస్ మిత్తల్ మరో అడుగు ముందుకేశారు. కోర్టు ముందు ఆ ప్రశ్నే లేదు కనుక ఈ మాటలు రాష్ట్రాలను కట్టిపడేసే ఆదేశాలు కావు. 2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం, అంబేడ్కర్ ఇచ్చిన రాజ్యాంగంలో ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ లేదని ప్రకటించింది.

వర్గీకరణ, క్రీమీలేయర్ రెండూ ఒకటి కావు. వర్గీకరణ కులాల మధ్య తేడాను చూస్తుంది, క్రీమీలేయర్ కుటుంబాల మధ్య తేడాను చూస్తుంది. మొదటిది కోటాను ఎస్సీల లోపలే అటూ ఇటూ పంచుతుంది. రెండోది కొందరిని కోటా నుంచి బయటికి పంపుతుంది. అర్హులు చాలక ఆ పోస్టులు ఖాళీగా ఉండిపోయే ప్రమాదం ఉన్నచోట రెండోది దళితులందరికీ నష్టం. డబ్బు, హోదా వచ్చినా అంటరానితనం పోదన్న సంగతిని ఆదాయ పరిమితి పట్టుకోలేదు. ఈ రెంటినీ ఒకే ముడిలో కట్టడం న్యాయ చర్చకు మేలు చేయలేదు.

తెలుగు రాష్ట్రాల్లో అమలు

తీర్పు వెలువడిన రోజే తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో వర్గీకరణ అమలు చేస్తామని ప్రకటించారు. విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ షమీమ్ అఖ్తర్ ఏకసభ్య కమిషన్ 2025 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. మార్చి 18న శాసనసభ బిల్లును ఆమోదించింది. ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. అత్యంత వెనుకబడిన 15 కులాలకు 1 శాతం, మాదిగ సహా 18 కులాలకు 9 శాతం, మాల సహా 26 కులాలకు 5 శాతం దక్కాయి. రాష్ట్ర ఎస్సీ జనాభాలో ఈ గ్రూపులు వరుసగా 3 శాతం పైచిలుకు, 62 శాతం పైచిలుకు, దాదాపు 34 శాతం. పదిహేనులో ఒకటి అంటే ఆరు శాతం పైనే కనుక, మొదటి గ్రూపుకు జనాభాకు రెట్టింపు వాటా ఇచ్చినట్టయింది. కమిషన్ చేసిన క్రీమీలేయర్ సిఫార్సును ప్రభుత్వం తిరస్కరించింది.

ఆంధ్రప్రదేశ్‌లో విశ్రాంత ఐఏఎస్ అధికారి రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ నివేదిక ఆధారంగా 2025 ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ వచ్చింది. రెల్లి, అనుబంధ 12 కులాలకు 1 శాతం, మాదిగ, అనుబంధ 18 కులాలకు 6.5 శాతం, మాల, అనుబంధ 29 కులాలకు 7.5 శాతం. రెండు రాష్ట్రాల అంకెలు తలకిందులుగా కనిపించడానికి కారణం జనాభాయే. తెలంగాణలో మాదిగలు ఎక్కువ, కోస్తా జిల్లాల్లో మాలలు ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రపు 7, 6 శాతాలను విడిపోయాక అలాగే ఉంచితే రెండు చోట్లా తప్పయ్యేది. వర్గీకరణ శాశ్వతమైన కొలత కాదనీ, జనాభా, ప్రాతినిధ్యం మారితే అదీ మారాలనీ దీన్నిబట్టి తెలుస్తుంది.

హర్యానా 2024 నవంబరులోనే వర్గీకరణ అమలు మళ్లీ మొదలుపెట్టింది. కర్ణాటక మంత్రివర్గం జస్టిస్ నాగమోహన్ దాస్ కమిషన్ నివేదిక తరువాత 2025 ఆగస్టులో తన 17 శాతాన్ని 6, 6, 5గా పంచాలని నిర్ణయించింది. అక్కడ తలెత్తిన ఒక చిక్కు మనకూ తెలిసిందే. ఆది కర్ణాటక, ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని నమోదైనవారు అసలు ఏ కులంవారో రికార్డు చెప్పదు. 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ ఆది ఆంధ్ర అన్న పేరును స్వీకరించింది ఆత్మగౌరవం కోసం. అందరినీ కలపడానికి పెట్టుకున్న పేరు వాటాలు తేల్చేటప్పుడు చిక్కు తెచ్చింది.

రోస్టర్‌లో ఏం జరుగుతుంది

శాతాలు చట్టంలో ఉంటాయి గాని, ఉద్యోగం ఎవరికి రావాలో తేల్చేది రోస్టర్. వంద పోస్టులకు వరుస సంఖ్యలు వేసి, ఏ సంఖ్య ఎవరికో ముందే రాసి ఉంచే పట్టిక అది. మన సర్వీసు నిబంధనల్లో ఎస్సీలకు తొలి పాయింట్లు 2, 7, 16, 22. ఒక శాఖ ఇరవై పోస్టులు నింపితే ఎస్సీలకు వచ్చేవి మూడు. వర్గీకరణ తరువాత ఆ మూడూ ఏ ఏ గ్రూపులకన్నది పాయింట్లు ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టే ఉంటుంది. ఒక శాతం ఉన్న గ్రూపుకు వందలో ఒకే పాయింటు. అది మొదట్లో ఉంటే త్వరగా ఉద్యోగం వస్తుంది. తొంభైల్లో ఉంటే, చిన్న కేడర్‌లో ఆ వంతు రావడానికి ఒక తరం పట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 6.5, 7.5 వంటి అరశాతాలు ఉన్నందున వంద పాయింట్లు చాలవు, రెండు వందల పాయింట్ల రోస్టర్ కావాలి. అప్పుడు 1 శాతం వారికి రెండు వందల్లో రెండు.

వంతు వచ్చినా అభ్యర్థి ఉండాలి. తెలంగాణలో మొదటి గ్రూపులో అర్హులు దొరక్కపోతే ఆ పోస్టు రెండో గ్రూపుకు, అక్కడా లేకపోతే మూడో గ్రూపుకు వెళ్తుంది. పోస్టు వృథా కాకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ డిగ్రీ చదివినవారు పదుల్లో కూడా లేని కులానికి దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు. మొదటి గ్రూపులో సంఖ్యలో పెద్దది బేడ, బుడగ జంగాల సముదాయం. అందులోనే ఉన్న అతిచిన్న కులాలు వారితో పోటీపడాలి. పెద్ద గుంపులో చిన్నవాడు నలిగిపోతాడన్న వాదనతోనే వర్గీకరణ వచ్చింది. ఆ వాదన గ్రూపు గడప దగ్గర ఆగిపోకూడదు. రిజర్వేషన్ కంటే ముందు ఈ కులాల పిల్లలకు కావలసింది కుల ధ్రువీకరణ పత్రం, హాస్టలు, పదో తరగతి దాటించే సాయం. సంచార జీవనంలో స్థిర చిరునామా లేనివారికి ఆ పత్రమే దొరకడం కష్టం.

తేలవలసినవి

ఈ తీర్పు తర్కం 342వ అధికరణం కింద ఉన్న షెడ్యూల్డ్ తెగలకూ వర్తించాలన్న వాదన మొదలైంది. తెలంగాణలో 1976 చట్టంతో జాబితాలోకి వచ్చిన లంబాడాలకూ, గోండు, కోయ వంటి ఆదివాసీలకూ నడుమ వివాదం ఉంది. లంబాడాలను జాబితా నుంచి తీసేయాలన్న డిమాండు రాష్ట్రం పరిధిలోది కాదు, పార్లమెంటుదే. కోటాలో వాటాలు వేయడం మాత్రం 2024 తీర్పు చూపిన దారిలో వీలుకావచ్చు. ఈ రెంటికీ తేడా ఉద్యమకారులకూ, ప్రభుత్వానికీ స్పష్టంగా ఉండటం అవసరం. కేంద్రంలో ఓబీసీల వర్గీకరణ కోసం 2017లో వేసిన జస్టిస్ రోహిణి కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది. అది ప్రజల ముందుకు రాలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎస్సీల 15 శాతానికి వర్గీకరణ లేదు. రాష్ట్రాల చట్టాలు రాష్ట్ర సర్వీసులకు, రాష్ట్ర విద్యాసంస్థలకు మాత్రమే.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న పంచుకోవడానికి ఉద్యోగాలే తగ్గిపోవడం. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నియామకాలు రోస్టర్‌ను దాటిపోతున్నప్పుడు ఎంత న్యాయంగా వాటాలు వేసినా చేతికి వచ్చేది కొద్దే. మాల, మాదిగ సంఘాలు కలిసి పోరాడవలసిన చోటు ఇది.

2024 తీర్పు వర్గీకరణకు లెక్కలే ఆధారమన్నది. ఆ లెక్క కమిషన్ నివేదికతో ముగిసేది కాదు. ప్రతి నియామకం, ప్రతి ప్రవేశాల ప్రక్రియ పూర్తయ్యాక 59 కులాల్లో ఏ కులానికి ఎన్ని పోస్టులు, ఎన్ని సీట్లు వచ్చాయో, ఏ గ్రూపు పోస్టు ఏ గ్రూపుకు మళ్లిందో రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ బయటపెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.